వెలుతురు ముందు పోతుంది, చలి వెనక వస్తుంది

తెలుగులో ఆరు ఋతువులున్నా, చల్లటి దేశాల వాళ్లు ‘ఆటమ్’ అని పిలిచే కాలానికి సరిగ్గా అతికే పేరు వాటిలో లేదు. శరత్తు అంటే వానలు వెనకబట్టి, ఆకాశం తేటపడి, వెన్నెల కాసే రోజులు. ఆకులు రాలడం మన లెక్కలో శిశిరంలో జరుగుతుంది, అంటే చలి వెళ్లిపోయే ముందు. అక్కడేమో ఆకులు రాలాకే అసలు చలి వస్తుంది. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, వేడి ప్రాంతంలో పెరిగినవాళ్లు అక్కడ మొదటి ఏడాది పడే తికమక అంతా ఇలాంటిదే. తెలిసిన గుర్తులన్నీ ఉంటాయి, వాటి వరుస మాత్రం వేరు.

బయల్దేరే ముందు అందరూ భయపడేది చలికే. నన్నడిగితే అది ఇందులో తేలికైన భాగం. దానికి బట్టలున్నాయి, హీటర్ ఉంది. మనం చలికాలం అని ఒక్కమాటలో తేల్చేసేది నిజానికి మూడు మార్పుల కలగలుపు: వెలుతురు తగ్గడం, వేడి తగ్గడం, ఇంట్లో పీల్చే గాలి ఎండిపోవడం. మూడింటికీ మూడు వేరువేరు క్యాలెండర్లు. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. మంచి కోటు కొనుక్కుని కూడా ‘ఎందుకో ఏమీ బాగాలేదు’ అనుకునేవాళ్లలో చాలామంది వెలుతురు బాకీని చలి ఖాతాలో రాస్తుంటారు.

(నెలలన్నీ ఉత్తరార్ధగోళం లెక్కలో చెబుతున్నాను. దక్షిణాన ఉన్నవాళ్లు ఆరు నెలలు కలుపుకోవాలి.)

వెలుతురు లెక్క

ఉష్ణమండలంలో, ఉదాహరణకు 17 డిగ్రీల అక్షాంశం దగ్గర, ఏడాదిలో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా సుమారు రెండు గంటలు. ఆ రెండు గంటలు తగ్గడానికి జూన్ నుంచి డిసెంబర్ దాకా ఆరు నెలలు పడుతుంది. రోజుకు ఒక్క నిమిషం కూడా సరిగ్గా తగ్గదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. 52 డిగ్రీల దగ్గర అయితే సెప్టెంబర్ చివర్లో పగలు రోజుకు దాదాపు నాలుగు నిమిషాలు తగ్గుతుంది. వారానికి అరగంట. మనకు ఆరు నెలల్లో జరిగిన మార్పు అక్కడ సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్యకు, ఒక్క నెలలో జరిగిపోతుంది. డిసెంబర్ 21 నాటికి అక్కడ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. 60 డిగ్రీల దగ్గర ఆరు గంటల లోపే.

పగలు అత్యంత వేగంగా తగ్గేది డిసెంబర్‌లో కాదని గమనించండి. సెప్టెంబర్ 22, 23 తేదీల్లో, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు చుట్టూ ఆ వేగం గరిష్ఠంగా ఉంటుంది. అప్పటికి ఇంకా హాయిగా ఉంటుంది, పల్చటి చొక్కాతో తిరిగే రోజులు కూడా తగులుతాయి. థర్మామీటర్ చూసి ‘ఇంకా చలి రాలేదు’ అనుకుంటాం. లోపల శరీరం మాత్రం అప్పటికే మార్పును లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. అక్టోబర్‌లో నిద్ర సరిపోవడం లేదనీ, పొద్దున లేవడం కష్టంగా ఉందనీ చెప్పేవాళ్లది ఒట్టి బద్ధకమని అనలేం.

కారణం కంట్లో ఉంది. మనకు చూపునిచ్చే కణాలు కాకుండా, వెలుతురు ఎంత ఉందో కొలిచి మెదడుకు చెప్పడమే పనిగా ఉన్న కణాలు కొన్ని రెటీనాలో (కంటి వెనక పొరలో) ఉన్నాయని 2002లో శాస్త్రవేత్తలు చూపించారు. మన ఒంట్లోని గడియారం సగటున 24 గంటల కంటే కొద్దిగా నిదానంగా నడుస్తుంది. రోజూ పొద్దున్నే పడే వెలుతురే దాన్ని సరిచేస్తుంది. వేడి దేశంలో ఈ పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది, ఎందుకంటే లేచేసరికే బయట ఎండ ఉంటుంది. పైన చెప్పిన అక్షాంశాల్లో నవంబర్, డిసెంబర్‌లలో చీకట్లో లేచి, చీకట్లో ఆఫీసుకు వెళ్లి, చీకట్లోనే తిరిగి వస్తారు. గడియారాన్ని సరిచేసేవాళ్లు లేకపోతే అది రోజురోజుకూ వెనకబడుతుంది.

దీనికి తోడు ఐరోపాలో చాలా దేశాలు అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికా, కెనడాల్లో ఎక్కువ ప్రాంతాలు నవంబర్ మొదటి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతాయి. ఆ రోజు గంట నిద్ర కలిసి వచ్చిందని సంతోషిస్తాం. అదే సాయంత్రం కిటికీలోంచి చూస్తే నిన్నటి కంటే గంట ముందే చీకటి. మొదటిసారి చూసినప్పుడు ఎవరో రోజును సగానికి కోసేసినట్టు అనిపించింది నాకు.

వెలుతురు తగ్గినప్పుడు కమ్ముకునే దిగులుకు వైద్యంలో ఒక పేరు వచ్చిన కథ వలస వెళ్లినవాళ్లకు బాగా పడుతుంది. నార్మన్ రోసెంతాల్ అనే వైద్యుడు 1970లలో దక్షిణాఫ్రికా నుంచి న్యూయార్క్ వచ్చాడు. శీతాకాలాల్లో తన ఓపిక, చురుకు తగ్గిపోయి, వసంతం రాగానే తిరిగి రావడం గమనించాడు. తర్వాత అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేస్తూ, 1984లో సహచరులతో కలిసి ఋతువును బట్టి వచ్చే ఈ డిప్రెషన్‌ను ‘సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్’ అనే పేరుతో వర్ణించాడు. వెచ్చటి చోటు నుంచి వచ్చినవాడు కాబట్టే, స్థానికులు ‘ఇది మామూలే’ అని వదిలేసినది అతని కంట పడిందేమో అని నా ఊహ.

దీని లక్షణాలు మామూలు డిప్రెషన్ గురించి మనకున్న బొమ్మకు కొంచెం వేరుగా ఉంటాయి. నిద్ర పట్టకపోవడం కంటే ఎక్కువ నిద్రపోవడం, ఆకలి చావడం కంటే పిండి పదార్థాల మీదా తీపి మీదా యావ పెరగడం, బరువెక్కడం, ఎవరినీ కలవాలని అనిపించకపోవడం. కొత్త దేశంలో ఒంటరితనం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి ఏది ఏదో విడదీయడం కష్టం. రెండు వారాలకు పైగా రోజూ ఇలాగే ఉండి, పనులు ఆగిపోతుంటే డాక్టర్‌ను కలవాలి. దానికి వసంతం దాకా ఆగక్కర్లేదు.

అంత దాకా రాకముందే చేయగలిగింది ఒకటి ఉంది, ఖర్చు లేనిది. పగలు బయటికి వెళ్లడం. ముసురు పట్టిన రోజున బయటికి వెళ్లి ఏం లాభం అనిపిస్తుంది. లెక్క చూడండి: ఇంట్లో లైట్ల వెలుగు చాలాసార్లు 100 నుంచి 300 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం). మబ్బు కమ్మిన పగలు కూడా బయట కొన్ని వేల లక్స్ ఉంటుంది. మన చూపు దేనికైనా సర్దుకుపోతుంది కాబట్టి ఆ తేడా తెలియదు, రెటీనాలోని ఆ కొలత కణాలకు మాత్రం బాగా తెలుస్తుంది. పొద్దున ఆఫీసుకు ఒక స్టాప్ ముందే దిగి నడవడం, మధ్యాహ్నం ఇరవై నిమిషాలు బయట తిరగడం వంటి వాటికి విలువ ఇక్కడుంది. అది చాలనివాళ్లకు 10,000 లక్స్ ఇచ్చే లైట్ పెట్టెలు ఉంటాయి. పొద్దున్నే అరగంట దాని ముందు కూర్చుంటారు, దాన్నే తేరిపార చూడక్కర్లేదు. కంటి జబ్బులు, బైపోలార్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు.

విటమిన్ డి సంగతి వేరు, దీనితో కలపకండి. అది కంటి ద్వారా కాదు, చర్మం ద్వారా వస్తుంది, అదీ ఎండలో కంటికి కనిపించని యూవీబీ కిరణాల వల్ల. సూర్యుడు బాగా కిందగా ఉన్నప్పుడు ఆ కిరణాలు వాతావరణంలోనే ఆగిపోతాయి. 42 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న అమెరికాలోని బోస్టన్‌లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, 52 డిగ్రీలు దాటిన కెనడాలోని ఎడ్మంటన్‌లో అక్టోబర్ నుంచి మార్చి దాకా ఎండలో నిలబడినా చర్మంలో విటమిన్ డి తయారవడం లేదని 1988లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. లైట్ పెట్టె దీనికి పనికిరాదు. కిటికీ అద్దం వెనక నీరెండలో కూర్చున్నా లాభం లేదు, యూవీబీని గాజు ఆపేస్తుంది. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లకు అదే మోతాదుకు ఎక్కువ ఎండ కావాలి కాబట్టి వేసవిలో పోగుచేసుకున్న నిల్వ కూడా తక్కువే ఉండవచ్చు. బ్రిటన్‌లో ఆటమ్, శీతాకాలాల్లో అందరూ రోజుకు 10 మైక్రోగ్రాములు తీసుకోవడం గురించి ఆలోచించాలని ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థే చెబుతుంది. మీ మోతాదు ఎంతో రక్తపరీక్ష చూసి డాక్టర్ చెబితే మేలు.

ఎండ కాస్తోంది కదా!

వేడి ప్రాంతం మనకు నేర్పిన పాఠాల్లో గట్టిది ఇది: ఎండ ఉంటే వేడి, మబ్బు పడితే చల్లదనం. శీతాకాలంలో ఇది తలకిందులవుతుంది. 52 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబర్ చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకాశంలో 15 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. ఆ ఏటవాలు ఎండ కళ్లలో గుచ్చుకుంటుంది తప్ప ఒంటికి వెచ్చదనం పెద్దగా ఇవ్వదు. పైగా రాత్రంతా మబ్బు లేకపోతే నేల వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. మబ్బు ఆ వేడిని దుప్పటిలా పట్టి ఉంచుతుంది. అందుకే నిర్మలంగా, నీలంగా మెరిసిపోయే పొద్దుటి పూటే ఎక్కువ చలి. కిటికీలోంచి చూసి బట్టలు నిర్ణయించుకునే అలవాటు మొదటి నెలలోనే మానుకోవాలి. నేను స్వెటర్ ఒక్కదానితో బయటపడి పళ్లు కటకటలాడుతూ తిరిగొచ్చిన రోజులన్నీ చక్కటి ఎండ కాసిన రోజులే.

ఫోన్‌లో అంకె ఒక్కటే చూసినా చాలదు. గాలి ఎంత ఉందో చూడాలి. ఒంటి చుట్టూ మనమే వెచ్చబెట్టుకున్న పల్చటి గాలి పొర ఒకటి ఉంటుంది, ఈదురుగాలి దాన్ని ఊడ్చేస్తుంది. అంటార్కిటికాలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు దీన్ని లెక్కగట్టి 1945లో ప్రచురించారు. ఇప్పుడు అమెరికా, కెనడాల్లో వాడే సూత్రం 2001 నాటిది. దాని ప్రకారం 5 డిగ్రీల వేడిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి 0 డిగ్రీలు ఉన్నట్టే. అయితే ఇది చర్మం వేడి కోల్పోయే వేగానికి సంబంధించిన లెక్క. 5 డిగ్రీల గాలిలో బాటిల్‌లో నీళ్లు మాత్రం ఎంత గాలి వీచినా గడ్డకట్టవు.

ఇంకో వింత ఏమిటంటే, నవంబర్ నాటి 4 డిగ్రీల తడి రోజు జనవరి నాటి మైనస్ 8 పొడి రోజు కంటే బాధగా ఉండవచ్చు. కదలని గాలి కంటే నీరు సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని మోసుకుపోతుంది. బట్టలు వెచ్చగా ఉండేది వాటి దారంలో ఏదో మహిమ ఉండి కాదు, వాటి సందుల్లో గాలి చిక్కుకుని ఉంటుంది కాబట్టి. ఆ సందుల్లోకి నీరు చేరితే, అది వాన నీరైనా సొంత చెమటైనా, బట్ట చలిని ఆపడం మానేస్తుంది. నూలు బట్ట నీటిని పీల్చి అట్టేపెట్టుకుంటుంది. మనకు ఎండల్లో సుఖమిచ్చిన గుణమే అక్కడ పగబడుతుంది. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమను పీల్చుకుని కూడా తడిగా తగలదు.

పొరలు పొరలుగా వేసుకోమని అందరూ చెబుతారు. ఎందుకో చెప్పరు. ఒంటిని అంటుకునే పొర చెమటను పీల్చి పైకి పంపాలి, మధ్య పొర గాలిని పట్టి ఉంచాలి, పై పొర ఈదురుగాలినీ వాననూ ఆపాలి. మూడు పనులు మూడు బట్టలకు పంచితే, ఇంటి లోపలా బస్సులోనూ హీటర్ వేడికి ఒకటి విప్పుకోవచ్చు. ఒకే మందపాటి కోటు వేసుకుంటే బయట చాలదు, లోపల ఉడికిపోతాం, ఆ చెమటతో మళ్లీ బయటికి రావాలి. గడప దాటగానే కొద్దిగా చలి వేస్తే సరిగ్గా వేసుకున్నట్టు. గుమ్మంలోనే హాయిగా ఉంటే పది నిమిషాల నడక తర్వాత చెమట పడుతుంది.

బూట్లలో రెండు జతల మేజోళ్లు ఇరికించడం అందరం చేసే తప్పు. గాలికి చోటుండదు, రక్తానికీ దారి ఉండదు, కాళ్లు ఇంకా చల్లబడతాయి. వేళ్లన్నీ ఒకే గదిలో ఉండే చేతి తొడుగులు విడి వేళ్ల గ్లోవ్స్ కంటే వెచ్చన. ఒంటి వేడిలో సగం తల నుంచే పోతుందన్న మాట మాత్రం నమ్మక్కర్లేదు. తల మన ఒంటి వైశాల్యంలో పదో వంతు లోపే, వేడి కూడా ఇంచుమించు ఆ నిష్పత్తిలోనే పోతుంది. టోపీ పెట్టుకోండి, చెవులు కొంకర్లు పోకుండా ఉండటానికైనా.

ఇక ఒళ్లు అలవాటు పడుతుందా? పడుతుంది, అనుకున్నదానికంటే త్వరగానే. ‘వేడి దేశంలో రక్తం పల్చబడిపోయింది’ అనేది మాట వరసకే. నిజంగా మారేది చర్మంలోని రక్తనాళాలు ముడుచుకునే తీరు, వణుకు మొదలయ్యే గీత, గోధుమ రంగు కొవ్వు చురుకుదనం. వణకకుండానే వేడి పుట్టించే ఈ కొవ్వు పసిపిల్లల్లోనే కాదు, పెద్దవాళ్లలోనూ పనిచేస్తోందని 2009లో రుజువైంది. 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు 17 మందిని పది రోజుల పాటు రోజుకు ఆరు గంటలు 15, 16 డిగ్రీల గదిలో ఉంచారు. పది రోజుల తర్వాత వాళ్లలో ఆ కొవ్వు చురుకు పెరిగింది, వణుకు తగ్గింది, చలి అంతగా బాధించడం లేదని వాళ్లే చెప్పారు. అంటే చలిని తప్పించుకుని ఇంట్లో హీటర్‌ను 26 డిగ్రీల మీద పెట్టుకు కూర్చుంటే అలవాటు పడటం అంతకంతకూ వాయిదా పడుతుంది. రోజూ కాస్త చలి తగలనివ్వాలి, గజగజ వణికేంత కాదు. పసివాళ్లకూ వృద్ధులకూ గుండె జబ్బు ఉన్నవాళ్లకూ ఈ సలహా వర్తించదు.

చలి చేతులను హీటర్‌కు ఆనించకండి. ఒక్కసారిగా వేడి తగిలితే వేళ్లు ఎర్రగా వాచి, మంట, దురద పుట్టే చిల్‌బ్లెయిన్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. వేళ్లు ఉన్నట్టుండి సున్నంలా తెల్లబడి మొద్దుబారుతుంటే అది రేనాడ్స్ అనే రక్తనాళాల సమస్య కావచ్చు, డాక్టర్‌కు చూపించాలి.

ఎండిపోయే ఇల్లు, చెమ్మగిల్లే గోడ

మూడో మార్పు బయట కనిపించదు. హీటర్ వేసిన రోజు మొదలవుతుంది. చల్లటి గాలి ఎక్కువ ఆవిరిని మోయలేదు. 0 డిగ్రీల దగ్గర తేమతో నిండిన గాలిలో కూడా ఘనపు మీటరుకు 5 గ్రాముల లోపే నీరుంటుంది. 20 డిగ్రీల గాలి 17 గ్రాములు మోయగలదు. బయటి గాలిని లోపలికి తెచ్చి వేడి చేస్తే నీరు అంతే ఉంటుంది, మోయగల సామర్థ్యం పెరుగుతుంది, తేమ శాతం పాతికకు పడిపోతుంది. అది మన చర్మం నుంచీ పెదాల నుంచీ ముక్కు లోపలి పొర నుంచీ నీళ్లు గుంజుకుంటుంది. మడమలు పగలడం, ముక్కులోంచి రక్తపు చారలు, తలుపు గడియ ముట్టుకుంటే చిటుక్కున షాక్, అన్నీ దీని పనే. స్నానం గోరువెచ్చటి నీళ్లతో త్వరగా ముగించి, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాసుకోవాలి. చలిలో దాహం అంతగా వేయదు, మూత్రం మాత్రం ఎక్కువ వస్తుంది, కాబట్టి నీళ్లు గుర్తుపెట్టుకుని తాగాలి.

తమాషా ఏమంటే ఇదే ఇంట్లో కిటికీ అద్దం మీద నీళ్లు కారుతుంటాయి. గాలి ఎండిపోయిందన్నాక నీళ్లెక్కడివి? కిటికీలు బిగించేసి లోపల వంట, స్నానం, బట్టలారేయడం అన్నీ చేస్తాం. ఆ ఆవిరి పోయే దారి లేక చల్లటి అద్దం మీదా మూల గోడల మీదా నీరవుతుంది, కొన్నాళ్లకు నల్లటి బూజు పడుతుంది. కొన్ని ఇళ్లు ఎండిపోతాయి, కొన్ని చెమ్మగిల్లుతాయి. మీది ఏ రకమో తెలియకుండా గాలికి తేమ చేర్చే హ్యుమిడిఫయర్ కొనకండి. తేమ కొలిచే చిన్న మీటరు పెట్టుకుని 30 శాతానికీ 50 శాతానికీ మధ్య ఉండేలా చూసుకుంటే చాలు. చెమ్మ ఎక్కువైతే రోజుకు రెండు మూడు సార్లు ఐదు నిమిషాలు కిటికీలు బార్లా తెరవాలి. గోడలు చల్లబడేలోపు గాలి మారిపోతుంది, వేడి పెద్దగా పోదు.

వెచ్చదనం కోసం బొగ్గుల కుంపటి గానీ, బయట వాడే గ్రిల్ గానీ ఇంట్లోకి తేవద్దు. గాలి ఆడే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది ప్రమాదమని తోచదు. చలిదేశపు ఇల్లు గాలి చొరబడకుండా కట్టినది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాస్ హీటర్ ఉన్న ఇంట్లో దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరి.

కాలి కింద మంచు గురించి కొద్దిగా. మైనస్ 15 కంటే సున్నా చుట్టూ ఉన్నప్పుడే నేల ఎక్కువ జారుతుంది, మంచు మీద పల్చటి నీటి పొర ఉంటుంది కాబట్టి. తారు రోడ్డు మీద అద్దంలా పరుచుకునే మంచు కనిపించదు, రోడ్డు తడిగా ఉందనుకుంటాం. కింద నుంచి కూడా చల్లగాలి తగిలే వంతెనలు ముందు గడ్డకడతాయి. అడుగులు చిన్నగా, పాదం మొత్తం ఆనేలా, చేతులు జేబుల్లోంచి తీసి నడవాలి. అక్టోబర్‌లో తడిసిన ఆకుల గుట్టలు కూడా ఇంతే జారుతాయి, ఫొటోల్లో ఎంత అందంగా ఉన్నా.

మళ్లీ క్యాలెండర్ దగ్గరికి వస్తే, డిసెంబర్ 21 అతి చిన్న పగలు అయినా అతి తొందరగా పొద్దుగుంకే రోజు అది కాదు. 50 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కల అది డిసెంబర్ రెండో వారంలోనే వచ్చి పోతుంది. ఆ తర్వాత సాయంత్రాలు నిమిషం నిమిషం సాగుతుంటాయి, పొద్దుటి పూటలు మాత్రం జనవరి మొదటి రోజుల దాకా ఇంకా చీకటవుతూనే ఉంటాయి. నేలా సముద్రమూ దాచుకున్న వేడి కరిగిపోవడానికి టైమ్ పడుతుంది కాబట్టి అసలు చలి అప్పటికి ఇంకా రానేలేదు, జనవరి సగం దాటాక వస్తుంది. ఆ చలిలో, ఆఫీసు నుంచి బయటికి వచ్చేసరికి పడమట ఇంకా కొద్దిగా వెలుగు మిగిలి ఉన్న మొదటి సాయంత్రం ఒకటి తగులుతుంది. కోటు మాత్రం అప్పుడే లోపల పెట్టకండి, మార్చి దాకా పని ఉంది.